కొమ్ము వంగుతుంది

వెనకనుంచి ఎవరైనా "నీలేణీ" అని పిలిస్తే
నేను పాదాలతో తిరుగుతాను.
ముందు మడమ, తర్వాత నడుము, భుజాలు,
భుజాలతోపాటే మొహం.
పర్లాకిమిడి బజార్లో దీనికి పొగరని పేరు.
"ఆ గుంట మెడ తిప్పి చూడదర్రా" అంటారు,
తిప్పలేనని తెలిసినవాళ్లు కూడా.

బళ్లో పాణిగ్రాహి మాస్టారు
తల దించి రాయమని డస్టరుతో కొట్టేరు.
నేను పలకనే ఎత్తి కళ్లముందు పెట్టుకున్నాను.
ఇంకోటి ఆయన చూడలేదు:
కుడిచెయ్యి ఒడియా అక్షరం దిద్దుతుంటే
బల్లకింద ఎడమచేతి వేళ్లు కూడా
అదే గుండ్రం, అద్దంలోలా తిరగేసి,
గాలిలో దిద్దేవి.
ఒక చెయ్యి ఏం చేసినా రెండోది ఊరుకోదు నాకు.
అది తెలుగు రాస్తోందని
చాన్నాళ్లు అనుకున్నాను.

తొమ్మిదో ఏట బరంపురం పెద్దాసుపత్రి.
ఎక్స్‌రే మనిషి "ఉపరొకు దేఖొ" అన్నాడు.
నాన్న నన్ను నిలువునా వెనక్కి వాల్చి
పైకప్పు చూపించాడు.
డాక్టరమ్మ ఫిల్ముని కిటికీకి ఆనించింది.
మెడలో ఏడు ఎముకలుండాలట.
పెన్ను కొనతో లెక్కపెట్టింది: ఒకటి,
ఆ తర్వాత పొడుగాటిది, మూడు కలిసి ఒకటైనది,
కణుపు పడని చెరుకు ముక్కలా.
దాని వెనకే వెన్నుపాము దారి. ఇరుకు.
బిందె నెత్తిన పెట్టొద్దు,
మహేంద్రతనయలో గట్టుమీంచి దూకొద్దు,
వేళ్లు తిమ్మిరెక్కితే తెల్లారేదాకా ఆగొద్దు.

అమ్మ గ్రహణం సంగతి అడిగింది.
"ఆ పూట గుమ్మడికాయ కోసేనమ్మా,
మా అత్త చెప్తానే ఉంది."
"బియ్యంగింజంత ఉన్నప్పుడే
విడిపోవాల్సినవి విడిపోలేదు.
నీ కత్తిపీట అంతదూరం రాదు" అంది డాక్టరమ్మ.
అమ్మ తలూపింది.
ఎంత సులువుగా ఊపుతారో అందరూ!
తిరుగు బస్సులో, ఘాటీ దిగేదాకా,
వేలి కణుపులమీద నెలలు లెక్కపెడుతూనే ఉంది.

మా నాన్న కూర్మయ్యది కొమ్ముపని.
దున్నపోతు కొమ్ముకి నూనె రాసి
నిప్పు సెగన పట్టుకుని
మెత్తబడ్డ ఆ ఒక్క క్షణంలో
కొంగ మెడ వంచుతాడు.
వాన రాత్రుళ్లు ఆ చేతులే కాచుకుని
నా మెడమీద పెట్టేవాడు. చాలాసేపు.
నొక్కేవాడు కాదు.
వేడి చల్లారాక తీసేసి
"పడుకో" అనేవాడు.
ఒక రాత్రి మానేశాడు. నేను అడగలేదు.
ఆ ఏడు కొంగలు చెయ్యలేదు, అన్నీ రొయ్యలే.
రొయ్యకి మెడ ఉండదు.

తల వంచుకు బతకమంటారు ఆడపిల్లని.
వంచనక్కర్లేదని
డాక్టరు చీటీ ఉంది నా దగ్గర.

ఇప్పుడు మెరుగుపని నాది.
కుడిచేతికో రొయ్య, ఎడమచేతికో రొయ్య.
ఎలాగూ ఊరుకోని చెయ్యి,
దాని కూలి అది సంపాదించుకుంటోంది.
రాత్రి పడుకునేముందు మాత్రం
పది వేళ్లూ ఒక్కొక్కటే గిల్లి చూసుకుంటాను,
అన్నీ పలికితే దీపం ఆర్పుతాను.

మొన్న భువనేశ్వరం షావుకారు
బల్లమీంచి ఒక బొమ్మ తీశాడు.
"ఈ కొంగకి మెడేదీ? విరిగిందా?"
రెక్కలు చాచి ఉంది,
ముక్కు భుజాల్లోంచే మొదలవుతోంది.
నాన్న ఎప్పుడు చేశాడో నాకూ తెలీదు.
పనిలోంచి కళ్లెత్తకుండానే అన్నాడు:
"అది ఎగురుతోంది బావూ.
ఎగిరేటప్పుడు కొంగ మెడ లోపలెట్టుకుంటాది.
ఏటికెళ్లి సూడండి."

షావుకారు నలభై తగ్గించమన్నాడు.
నాన్న తగ్గించలేదు.
కాసేపు ఆకురాయి చప్పుడు.
"నీలేణీ, చుట్టడానికి కాగితం తే"
అన్నాడు వెనకనుంచి.

మడమ, నడుము, భుజాలు.
తిరిగాను.